బస్తర్: టేబుల్ కోసం గంట.. బియ్యం కోసం రెండు రోజులు, క్యూలో ఎవరి టైమ్ ఖర్చవుతోంది?

ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో పేరున్న డిమ్‌సమ్ రెస్టారెంట్‌కు వెళ్తే వెంటనే టేబుల్ దొరకడం కష్టం. ముందు వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోవాలి. 'ఇరవై నిమిషాలండీ' అంటారు. నలభై నిమిషాలైనా పిలుపు రాదు. మన తర్వాత వచ్చిన ఇద్దరు లోపలికి వెళ్లిపోతారు. అద్దంలోంచి చూస్తే, తినడం ముగించినవాళ్లు ఇంకా టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటుంటారు. పిల్లలు ఆకలంటారు. 'ఇంకో చోటికి వెళ్దామా' అన్న మాట మొదలవుతుంది.

తెలంగాణ సరిహద్దు దాటి బస్తర్ అడవుల్లోకి వెళ్తే తిండి కోసం ఇంకో రకం నిరీక్షణ కనిపిస్తుంది. లోపలి గ్రామాల వారు రేషన్ బియ్యం కోసం పొద్దున్నే బయలుదేరి, గంటల తరబడి నడిచి, లైన్‌లో నిలబడతారు. ఆ రాత్రి అక్కడే పడుకుని, మరుసటి రోజు మూటలు మోసుకుంటూ ఇంటికి చేరేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు 'ఇంకో చోటికి వెళ్దామా' అనుకునే అవకాశం లేదు.

మొదటిది సరదా, రెండోది బతుకు. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ రెండు లైన్లనూ నడిపించే లెక్క మాత్రం ఒకటే. ఆ లెక్కను హోటళ్లు ఎప్పుడో వంటపట్టించుకున్నాయి. రేషన్ వ్యవస్థ ఇంకా దాని జోలికి సరిగా వెళ్లలేదు. అది అర్థమైతే, ఉచితంగా ఇచ్చే బియ్యం పేదవాడికి నిజంగా ఎంతకు పడుతోందో కూడా అర్థమవుతుంది.

డిమ్‌సమ్ దగ్గర అంతసేపు ఎందుకు ఆగాలి?

డిమ్‌సమ్ అంటే దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతం, హాంకాంగ్‌లలో టీతో పాటు తినే చిన్న చిన్న వంటకాలు. ఆవిరిపై ఉడికించినవి, వేయించినవి వెదురు బుట్టల్లో, చిన్న పళ్లేల్లో వస్తాయి. అలా కూర్చుని టీ తాగుతూ తినడాన్ని 'యమ్ చా' అంటారు. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లి, తీరిగ్గా తినడం అక్కడి అలవాటు.

ఈ తీరిక వల్లే బయట లైన్ పెరుగుతుంది. మన దగ్గర భోజన హోటల్‌లో అన్నం, పప్పు, సాంబారు, పెరుగు.. ఇలా ఒక వరుస ఉంటుంది. పెరుగు అయిందంటే లేవాలని అందరికీ తెలుసు. డిమ్‌సమ్‌కు అలాంటి ముగింపు లేదు. నాలుగు పళ్లేలు తిన్నాక మరో రెండు తెప్పించుకుంటారు. కెటిల్‌లో మళ్లీ నీళ్లు పోయిస్తారు. ఏ టేబుల్ ఎప్పుడు ఖాళీ అవుతుందో మేనేజర్‌కు కూడా కచ్చితంగా తెలియదు.

హాంకాంగ్‌లోని మోంగ్‌కాక్‌లో 2009లో మొదలైన 'టిమ్ హో వాన్' దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. సుమారు 20 మంది కూర్చునే చిన్న హోటల్ అది. తక్కువ ధరకు తిండి పెట్టే ఆ హోటల్‌కు మిషెలిన్ స్టార్ రావడంతో బయట గంటల కొద్దీ క్యూలు మొదలయ్యాయి. వంట రుచి పెరిగితే కస్టమర్లు పెరుగుతారు కానీ, గోడలు జరిగి సీట్లు పెరగవు కదా.

క్యూ వెనక లెక్క ఏంటి?

క్యూల మీద శాస్త్రీయ అధ్యయనం మొదలైంది టెలిఫోన్ల వల్ల. డెన్మార్క్‌కు చెందిన ఇంజినీర్, గణిత శాస్త్రవేత్త ఎర్లాంగ్ కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవారు. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి ఫోన్ దొరుకుతుందో లెక్కగడుతూ ఆయన 1909లో తొలి పరిశోధనా పత్రం ప్రచురించారు. తర్వాత జాన్ లిటిల్ 1961లో ఒక సులువైన సూత్రాన్ని నిరూపించారు. లైన్‌లో సగటున ఉన్న మనుషుల సంఖ్యను, నిమిషానికి వచ్చి వెళ్లేవారి సంఖ్యతో భాగిస్తే సగటు నిరీక్షణ సమయం వస్తుంది.

దీన్ని హోటల్‌కు వర్తింపజేద్దాం. 20 టేబుళ్లు ఉన్నాయి, ఒక్కో బృందం సగటున గంట కూర్చుంటోంది అనుకుందాం. అంటే సగటున ప్రతి 3 నిమిషాలకు ఒక టేబుల్ ఖాళీ అవుతుంది. మీ ముందు 12 బృందాలు ఉంటే సుమారు 36 నిమిషాలు ఆగాలి. లోపలివాళ్లు టీ తాగుతూ మరో అరగంట కూర్చున్నారంటే టేబుల్ ఖాళీ కావడానికి నాలుగున్నర నిమిషాలు పడుతుంది. మీ నిరీక్షణ 54 నిమిషాలకు చేరుతుంది. 'ఇరవై నిమిషాలు' అన్న మాట తప్పడానికి అరగంట కబుర్లు చాలు.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. ఒక కౌంటర్ ఎంత బిజీగా ఉంటే లైన్ అంత పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ అది నిదానంగా పెరగదు, చివర్లో ఒక్కసారిగా పెరుగుతుంది. జనం ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే ఒక కౌంటర్‌లో ఒక్కో మనిషికి సగటున 5 నిమిషాలు పడుతుందనుకుందాం. ఆ కౌంటర్ సగం సమయం మాత్రమే బిజీగా ఉంటే సగటున 5 నిమిషాలు ఆగాలి. 80 శాతం బిజీగా ఉంటే 20 నిమిషాలు. 90 శాతమైతే 45 నిమిషాలు. 95 శాతమైతే 95 నిమిషాలు.

అంటే నడిపేవాళ్లు తమ కౌంటర్ గానీ, టేబుల్ గానీ ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదనుకుంటే, ఆ భారమంతా బయట నిలబడినవారి మీద పడుతుంది. హోటల్‌కు ఖాళీ టేబుల్ అంటే నష్టం. బయట నిలబడిన కస్టమర్ సమయం ఆ హోటల్ ఖాతా పుస్తకంలో ఎక్కడా కనిపించదు. రేషన్ షాపు విషయంలోనూ ఇంతే. షాపులు, సిబ్బంది, యంత్రాల ఖర్చు బడ్జెట్‌లో ఉంటుంది. లైన్‌లో గడిచిన గంటలు ఏ పద్దులోనూ ఉండవు.

అరగంటే అయినా అంత చిరాకు ఎందుకు?

అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో పనిచేసిన డేవిడ్ మైస్టర్ 1985లో నిరీక్షణ మనస్తత్వంపై ఒక వ్యాసం రాశారు. సేవారంగంలో ఇప్పటికీ దాన్ని పాఠంలా చదువుతారు. అందులో ప్రధానమైన విషయాలు ఇవి. ఏ పనీ లేకుండా ఆగితే సమయం ఎక్కువ అనిపిస్తుంది. ఎంతసేపో తెలియకపోతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. ఆలస్యానికి కారణం చెప్పకపోయినా, మన వరుస దాటి ఇంకొకరు వెళ్లినా భరించలేం.

అందుకే హోటళ్లు ఆగేవారి చేతికి ముందే మెనూ ఇస్తాయి. నంబర్ ఇచ్చి, వంతు రాగానే ఫోన్‌కు మెసేజ్ పంపిస్తాయి. ఇద్దరికి, ఆరుగురికి వేర్వేరు వరుసలు పెడతాయి. కొన్ని చోట్ల గంటన్నరకు మించి కూర్చోకూడదని ముందే చెప్తారు. వీటివల్ల నిమిషాలు పెద్దగా తగ్గకపోవచ్చు. కానీ ఆగేవారికి మూడు విషయాలు తెలుస్తాయి: ఎంతసేపు ఆగాలి, వరుస న్యాయంగా నడుస్తోందా, ఈలోపు బయటికి వెళ్లి రావచ్చా.

బస్తర్ రేషన్ లైన్‌ను కూడా ఈ మూడు ప్రశ్నలతోనే చూడొచ్చు.

బస్తర్‌లో షాపు అంత దూరం ఎందుకు?

తెలుగువారికి బస్తర్ కొత్త ప్రాంతం కాదు. అక్కడి రాజవంశం తమ మూలపురుషుడిగా చెప్పుకునే అన్నమదేవుడు కాకతీయ ప్రతాపరుద్రుడి సోదరుడని ప్రతీతి. కోంటా, భోపాలపట్నం వైపు తెలుగు ఈరోజుకీ వినిపిస్తుంది. ఇంద్రావతి, శబరి నదులు అక్కడి నుంచి వచ్చే గోదావరిలో కలుస్తాయి.

1998లో విడదీయకముందు బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. ఇప్పుడు బస్తర్ డివిజన్‌లో బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలున్నాయి. ఊరంటే మన దగ్గరలా ఒకచోట గుమిగూడిన ఇళ్లు ఉండవు. 'పారా'లని పిలిచే చిన్న చిన్న గూడేలు అడవిలో దూరదూరంగా ఉంటాయి. పంచాయతీకి ఒక షాపు ఉన్నా, చివరి పారా నుంచి అక్కడికి చేరాలంటే వాగులు, గుట్టలు దాటాలి.

దీనికి సంఘర్షణ తోడైంది. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక చాలా గ్రామాలు ఖాళీ అయ్యాయి. జనాన్ని రోడ్ల పక్కన శిబిరాలకు తరలించారు. లోపలి గ్రామాల షాపులు కూడా రోడ్డు పక్క ఊళ్లకో, శిబిరాల దగ్గరకో వచ్చేశాయి. సల్వా జుడుం పేరుతో పౌరులకు ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కానీ అలా తరలిపోయిన షాపుల్లో అన్నీ వెంటనే తిరిగి వెళ్లలేదు.

సుక్మా జిల్లా జగర్‌గుండ పరిస్థితి దీనికి పెద్ద ఉదాహరణ. రోడ్లు తెగిపోవడంతో ఏళ్ల తరబడి ఆ ఊరు ద్వీపంలా మిగిలింది. నెలలకు సరిపడా సరుకులను ఒకేసారి, భారీ భద్రత మధ్య లారీల కాన్వాయ్‌లో పంపేవారు. నారాయణపూర్ జిల్లా అబూజ్‌మాడ్‌లో ఇంకో రకం పరిస్థితి. సుమారు 4 వేల చదరపు కిలోమీటర్ల ఆ కొండ ప్రాంతంలోని గ్రామాల వారు బ్లాక్ కేంద్రమైన ఓర్చాకు నడిచి వచ్చి రేషన్ తీసుకెళ్లడం ఏళ్లుగా సాగుతోంది.

భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు ప్రభుత్వ సేవలు చేర్చేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో 'నియద్ నెల్లా నార్' పథకం ప్రారంభించింది. గోండిలో ఆ మాటకు 'మీ మంచి ఊరు' అని అర్థం. రేషన్ కూడా అందులో భాగమే. కొన్ని చోట్ల షాపు దగ్గరైంది. అయితే దాన్ని శిబిరాల చుట్టూ 5 కిలోమీటర్ల పరిధి లెక్కన రూపొందించారు. కాబట్టి ఎక్కడ శిబిరం వస్తే అక్కడికే ముందు సేవలు వెళ్తాయి.

రేషన్‌లో ఛత్తీస్‌గఢ్ పేరు తెచ్చుకున్న రాష్ట్రం కదా?

అవును, ఆ పేరు ఊరికే రాలేదు. 2004లో ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు డీలర్ల దగ్గర నుంచి రేషన్ షాపులను తీసేసి పంచాయతీలు, సహకార సంఘాలు, మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించింది. సరుకును గోదాము నుంచి నేరుగా షాపు గుమ్మం దాకా చేర్చడం మొదలుపెట్టింది. లారీలకు పసుపు రంగు వేసింది. లారీ బయలుదేరగానే కోరుకున్నవారి ఫోన్‌కు మెసేజ్ వెళ్లే ఏర్పాటు చేసింది. లెక్కలను కంప్యూటర్లలోకి, ఇంటర్నెట్‌లోకి తెచ్చింది.

ఆర్థికవేత్తలు జ్యాఁ ద్రేజ్, రీతికా ఖేరా జాతీయ సర్వేల ఆధారంగా వేసిన అంచనాల ప్రకారం, 2004-05లో అక్కడ పేదలకు చేరకుండా పక్కదారి పట్టిన రేషన్ ధాన్యం దాదాపు సగం. 2009-10కి అది సుమారు పదో వంతుకు తగ్గింది. దేశంలో ఆహార భద్రత చట్టం 2013లో వచ్చింది. అంతకుముందే 2012 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ తన సొంత చట్టం చేసుకుంది.

బియ్యంతో పాటు ఆదివాసీ ప్రాంతాల్లో ఉప్పు, శనగలు కూడా రేషన్‌లో చేరాయి. ఉప్పు విలువ తెలియాలంటే పాత బస్తర్ కథ గుర్తు చేసుకోవాలి. అడవిలో ఏరిన సారపప్పును వ్యాపారులకు ఇచ్చి, అంతే తూకం ఉప్పు తెచ్చుకున్న రోజులను అక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు.

అంటే బియ్యం దొంగతనం బాగా తగ్గింది. అయితే ప్రభుత్వం కొలిచింది కిలోలనే. ఎన్ని కిలోలు బయలుదేరాయి, ఎన్ని చేరాయి, ఎన్ని పంచారు అన్నది ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. వాటిని తీసుకోవడానికి ఒక్కో కుటుంబం ఎన్ని గంటలు ఖర్చు పెట్టిందన్న లెక్క మాత్రం ఆ వెబ్‌సైట్లలో దొరకదు.

బియ్యం ఉన్నా లైన్ ఎందుకు?

ఇక్కడే క్యూ లెక్క పనికొస్తుంది. ఒక షాపుకు 300 కార్డులు ఉన్నాయనుకుందాం. కార్డు చూసి, ఈపాస్ యంత్రంలో వేలిముద్ర తీసుకుని, తూకం వేసి ఇవ్వడానికి 5 నిమిషాలు పడుతుందనుకుందాం. మొత్తం 1,500 నిమిషాలు, అంటే 25 గంటల పని. రోజుకు 8 గంటలు తెరిచినా మూడు రోజులకు పైగా పడుతుంది.

పట్టణంలో అయితే జనం నెలంతా తలా ఒక రోజు వెళ్తారు కాబట్టి ఈ పని విడిపోతుంది. బస్తర్ లోపలి గ్రామాల్లో అలా కుదరదు. బియ్యం వచ్చాయన్న కబురు అందగానే అందరూ కదులుతారు. ఒంటరిగా అడవి దారిలో అంత మూట మోయలేరు కాబట్టి గుంపుగా వెళ్తారు. ఉప్పు, నూనె కొనుక్కోవచ్చని వారపు సంత రోజునే ఎంచుకుంటారు. ఆలస్యమైతే సరుకు అయిపోతుందేమోనన్న భయం ఎలాగూ ఉంటుంది. ఇలా మూడు వందల కుటుంబాలూ మొదటి పూటే చేరితే, ఒక్కొక్కరి సగటు నిరీక్షణ పన్నెండున్నర పనిగంటలు. చివరి మనిషికి దాదాపు 25 పనిగంటలు. షాపు మూసిన రాత్రులు ఇందులో లెక్కించలేదు. అందుకే వంట గిన్నెలు వెంట తెచ్చుకుని చెట్ల కింద పడుకోవాల్సి వస్తుంది.

వేలిముద్ర యంత్రం దీన్ని మరింత పెంచుతుంది. నెట్‌వర్క్ అందకపోతే యంత్రం ఆగిపోతుంది. మట్టి పని చేసే చేతులకు, ముసలివారి వేళ్లకు గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడదు. 5 నిమిషాల పని 10 నిమిషాలైతే 25 గంటలు కాస్తా 50 గంటలవుతాయి. దొంగతనాన్ని ఆపడానికి తెచ్చిన యంత్రం ఖర్చును ప్రభుత్వం ఒకసారి భరించింది. దాని ఆలస్యాన్ని మాత్రం లైన్‌లో ఉన్నవారు ప్రతి నెలా భరించాలి.

ఉచిత బియ్యం ఖరీదెంత?

అంత్యోదయ కార్డుపై కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం వస్తుంది. 2023 జనవరి నుంచి కేంద్రం దీన్ని పూర్తిగా ఉచితం చేసింది. 2024 జనవరి నుంచి మరో అయిదేళ్లకు పొడిగించింది. కిలో 30 రూపాయలు వేసుకుంటే ఆ బియ్యం విలువ 1,050 రూపాయలు.

2025-26లో ఛత్తీస్‌గఢ్‌లో ఉపాధి హామీ పథకం కూలి రోజుకు 261 రూపాయలు. రానూపోనూ నడకకు, లైన్‌కు కలిపి ఒకరికి రెండు రోజులు పోతే 522 రూపాయలు. మూట మోయడానికి ఇద్దరు వెళ్తే 1,044. అంటే ఉచితంగా ఇచ్చిన బియ్యం విలువంతా సుమారుగా నడకకు, నిలబడటానికే పోయినట్టు.

రోజులన్నీ ఒక్కలా ఉండవు కూడా. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున వెళ్లి ఏరుకోకపోతే పశువుల పాలో, పక్కవారి పాలో అవుతుంది. ఎండాకాలంలో తునికాకు సేకరణ కొద్ది రోజులే ఉంటుంది. 50 ఆకుల కట్టలు వెయ్యి కలిస్తే ఒక ప్రామాణిక బస్తా. దానికి ఛత్తీస్‌గఢ్ 2024 నుంచి 5,500 రూపాయలు ఇస్తోంది, అంటే కట్టకు ఐదున్నర రూపాయలు. ఆ రోజుల్లో ఒక పగలంతా లైన్‌లో నిలబడటం అంటే ఏడాది నగదు సంపాదనలో ఒక ముక్క వదులుకోవడమే.

తెలుగు రాష్ట్రాల్లో ఏం జరిగింది?

ఈ సమస్యకు ఆంధ్రప్రదేశ్ ఒక పరిష్కారం ప్రయత్నించింది. షాపునే ఇంటి దగ్గరకు పంపాలని 2021 జనవరిలో 9,260 వాహనాలను ప్రారంభించింది. లైన్ వీధిలోకి వచ్చింది కానీ, బండి ఎప్పుడొస్తుందో తెలియక కూలికి వెళ్లేవాళ్లు ఇబ్బంది పడ్డారన్న ఫిర్యాదులు వచ్చాయి. ప్రభుత్వం మారాక 2025 జూన్ 1 నుంచి వాహనాలను ఆపేసి, మళ్లీ షాపుల ద్వారానే ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు మాత్రం ఇంటికే పంపుతున్నారు. దూరం తగ్గించినా సమయం చెప్పకపోతే నిరీక్షణ పోదని ఈ అనుభవం చెప్తోంది.

2025 జూన్‌లోనే, వానలకు ముందుగా మూడు నెలల బియ్యం ఒకేసారి ఇవ్వాలన్న కేంద్రం సూచనతో తెలంగాణ సహా పలు రాష్ట్రాల్లో పంపిణీ జరిగింది. మూడు సార్లు రావాల్సిన పని ఒక్కసారికి తగ్గింది. కానీ ఒక్కో కార్డుకు పలుమార్లు వేలిముద్ర వేయాల్సి రావడంతో తెలంగాణలో షాపుల ముందు లైన్లు పెరిగాయి. వానాకాలంలో దారులు మూసుకుపోయే బస్తర్ షాపులకు ముందే నెలల సరుకు చేర్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. అక్కడ అది చాలా అవసరం కూడా. అయితే మూడు నెలల బరువును ఒకేసారి మోసేదెవరన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఆ ఏడాదే ఆగస్టులో యూరియా కొరత వచ్చినప్పుడు తెలంగాణ రైతులు సొసైటీల ముందు చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి నీడకు వెళ్లి కూర్చున్నారు. అధికారులు టోకెన్ ఇవ్వకపోతే జనం తామే టోకెన్ కనిపెట్టుకుంటారు. హోటల్ ఫోన్‌కు పంపే మెసేజ్, రైతు వదిలిన చెప్పుల జత చేసే పని ఒకటే. మనిషిని నిలబడే బాధ నుంచి తప్పించి, వరుసను మాత్రం కాపాడతాయి.

టోకెన్ల విషయంలో తిరుపతి ఒక హెచ్చరిక. శ్రీవారి దర్శనానికి టైమ్ స్లాట్ టోకెన్ల వల్ల కంపార్ట్‌మెంట్లలో గంటల కొద్దీ ఆగే అవసరం చాలామందికి తగ్గింది. కానీ 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసమే జనం ఎగబడటంతో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. టోకెన్ కోసం ఇంకో లైన్ కట్టాల్సి వస్తే సమస్య ఒక చోట నుంచి ఇంకో చోటికి మారుతుంది, అంతే.

లైన్‌లోకే రాలేనివారి సంగతి?

సల్వా జుడుం కాలంలో బస్తర్ వదిలి వేలాది మంది గోదావరి లోయలోని అడవులకు వచ్చేశారు. తెలుగు రాష్ట్రాల్లో వీరిని గుత్తికోయలు అంటారు. సొంత రాష్ట్రం కార్డు పోయి, ఇక్కడి కార్డు రాక చాలా కుటుంబాలు ఏళ్ల తరబడి రెండింటికీ దూరంగా ఉండిపోయాయి.

మిర్చి కోతల కాలంలో భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం, ములుగు జిల్లాలకు వచ్చే బస్తర్ కూలీలది మరో పరిస్థితి. 2022 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు'లో చేరింది. దాంతో కార్డున్నవారు తెలంగాణలోనూ రేషన్ తీసుకునే అవకాశం ఏర్పడింది. అయితే దానికి ఆధార్ కలిసి ఉండాలి, వేలిముద్ర పడాలి, తమకు ఆ హక్కు ఉందని తెలిసి ఉండాలి. తోట దగ్గర గుడారంలో ఉండే కూలీకి ఈ మూడూ ఒకేసారి కలిసి రావడం అంత తేలిక కాదు.

ఏం చేస్తే తగ్గుతుంది?

మొదటిది, ఖర్చు లేనిది: వంతులు. పైన చెప్పిన 300 కార్డుల షాపునే తీసుకుందాం. ఆరు పారాలు, ఒక్కోదాంట్లో 50 కార్డులు. పొద్దున ఒక పారా, మధ్యాహ్నం ఇంకో పారా వచ్చేలా ముందే రోజు చెప్తే, ఒక్కో పారా పని 250 నిమిషాల్లో, అంటే నాలుగు గంటల పైచిలుకులో అయిపోతుంది. సగటు నిరీక్షణ రెండు గంటలు. అదే డీలర్, అదే యంత్రం, అవే మూడు రోజులు. పన్నెండున్నర గంటలు రెండు గంటలకు తగ్గాయి. సంతలో చాటింపు వేయించినా ఈ పని జరుగుతుంది, ఫోన్ సిగ్నల్ అక్కర్లేదు.

అయితే ఇందుకు ఒక షరతు ఉంది. చివరి పారాకు కూడా సరుకు మిగులుతుందన్న నమ్మకం ఉండాలి. అది లేకపోతే ఏ వంతులూ నిలవవు, అందరూ మొదటి రోజే వస్తారు. సరుకు పూర్తిగా చేరాకే పంపిణీ మొదలుపెట్టడం, ఏ పారా వాటా ఎంతో అందరికీ కనపడేలా రాయడం ఆ నమ్మకాన్ని ఇస్తాయి.

రెండోది, నెట్‌వర్క్ లేని షాపుల్లో యంత్రం పనిచేయకపోతే రిజిస్టర్‌లో రాసి ఇచ్చే అధికారం డీలర్‌కు స్పష్టంగా ఉండాలి. మూడోది, దూరపు పారాలకు షాపు నెలకు ఒక రోజు వెళ్లాలి. ముసలివారికి, ఒంటరి మహిళలకు ఇది మరీ అవసరం.

నాలుగోది, గంటలనూ లెక్కించాలి. ధాన్యం ఇవ్వకపోతే లబ్ధిదారుకు భత్యం చెల్లించాలని ఆహార భద్రత చట్టంలోని 8వ సెక్షన్ చెప్తోంది. కానీ రెండు రోజులు నడిపించి, నిలబెట్టి ఇచ్చినా చట్టం దృష్టిలో అది 'ఇచ్చినట్టే'. వచ్చిన సమయం, సరుకు తీసుకుని వెళ్లిన సమయం.. ఈ రెండూ షాపు రిజిస్టర్‌లో రాస్తే చాలు, ఎక్కడ ఎంతసేపు ఆగుతున్నారో నెల తిరిగేసరికి తెలిసిపోతుంది.

ఎవరు ఎవరి కోసం ఆగాలి?

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బ్యారీ ష్వార్ట్జ్ 1970ల్లోనే నిరీక్షణకూ అధికారానికీ ఉన్న సంబంధాన్ని వివరించారు. ఎవరి సమయానికి విలువ ఎక్కువ అనుకుంటే వారు ఆగరు, వారి కోసం మిగతావారు ఆగుతారన్నది ఆయన వాదన సారాంశం. అర్జెంటీనాకు చెందిన హవియెర్ అవుయేరో బ్యూనస్ ఎయిర్స్ సంక్షేమ కార్యాలయాల్లో పేదల నిరీక్షణను పరిశీలించి 2012లో పుస్తకం రాశారు. మళ్లీ మళ్లీ ఆగాల్సి రావడం ద్వారా పేదలు తమను హక్కున్న పౌరులుగా కాకుండా ఓపిక పట్టాల్సిన రోగుల్లా చూసుకోవడం నేర్చుకుంటారని ఆయన గమనించారు.

డిమ్‌సమ్ హోటల్‌కు కస్టమర్ వెళ్లిపోతాడన్న భయం ఉంది. టోకెన్లు, మెసేజ్‌లు ఆ భయం నుంచే పుట్టాయి. ఓర్చా దాకా నడిచొచ్చిన కుటుంబం లైన్ వదిలి ఎక్కడికీ వెళ్లదు. వెళ్లలేదు. కాబట్టి ఆ లైన్ తగ్గించాల్సిన ఒత్తిడి మార్కెట్ నుంచి రాదు. బస్తర్‌లో కిలోలు లెక్కించడం మొదలుపెట్టాకే బియ్యం దొంగతనం తగ్గింది. గంటలను లెక్కించే పని ఇంకా మొదలుకాలేదు.